నూలుదా, మగ్గానిదా

మిల్లులో ఆమెని అందరూ సుద్దముక్క అనేవారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది. ఆ పట్టీ రాసేదాన్ని నేనే. అయినా ఎదురుపడితే నా నోటికి కూడా సుద్దముక్క అనే వచ్చేది.

ఆమె పని బట్ట తనిఖీ. పొడుగాటి గదిలో నాలుగు వాలు బల్లలు ఉండేవి, బల్లల మీద గాజు, గాజు కింద ట్యూబులైట్లు. మగ్గం దిగిన బట్ట తాను ఒక పక్క నుంచి గాజు మీదుగా పాకుతూ వచ్చి రెండో పక్కన చుట్టుకునేది. తెగిన పోగు, ముడి, నూనె మరక, వదులైన అడ్డపోగు, ఏదో ఒకటి కంటబడగానే ఆమె కాలితో మీట తొక్కి బట్టని ఆపేది. సుద్దతో దాని చుట్టూ గుండ్రంగా గీసేది. పక్కనున్న పుస్తకంలో ఎన్నో మీటరో, ఏం తప్పో రాసేది. ఆ వరసలోనే చివర రెండు గడులు ఉండేవి, ఒకటి నూలు, ఒకటి మగ్గం. తప్పు దేని వల్ల వచ్చిందో ఆ గడిలో టిక్కు పెట్టాలి. ఆ టిక్కుని బట్టి సాయంత్రం చీవాట్లు ఎవరు తినాలో తేలేది. రెండు గడుల్లోనూ పెట్టడానికి వీల్లేదు.

బాగున్న బట్టకి రాతకోతలు లేవు. అరవై మీటర్లు ఏ మచ్చా లేకుండా వెళ్ళిపోతే పుస్తకంలో ఆ అరవై మీటర్లు లేనట్టే.

పదిహేనేళ్ళు అదే పని చేస్తే కళ్ళు ఇంటికొచ్చాక మాత్రం ఊరుకుంటాయా? కొత్త చొక్కా వేసుకుని ఎవరొచ్చినా ముందు కుట్టు చూసేది, తరవాత మొహం చూసేది. మగ్గాల మేస్త్రీ కొత్తగా చేరిన వాళ్ళకి చెప్పేవాడు, "ఆవిడ పక్కన ఎక్కువసేపు నిలబడకండి, మీ చుట్టూ కూడా గుండ్రంగా గీసేస్తుంది" అని.

మేమున్న ఇంట్లోనే పైవాటాలో వాళ్ళుండేవారు. రెండు గదులూ వంటిల్లూ, బయటి నుంచి ఇనప మెట్లు. మెట్ల మీద ఎవరు ఎక్కుతున్నారో అడుగుల చప్పుడు బట్టి నేను చెప్పేదాన్ని. ఆమె భర్త కరెంటు లైన్‌మన్. రెండేసి మెట్లు ఎక్కుతూ ఈల వేసుకుంటూ వచ్చేవాడు. అత్తగారు మెట్టు మెట్టుకీ ఆగి ఆ మెట్టుకో మాట అనేది. నన్ను వదినగారూ అనేది, కోడలు నన్ను పిన్నీ అనేది కాబట్టి.

ఆమె ఆరో నెల గర్భంతో ఉండగా భర్త స్తంభం మీంచి పడ్డాడు. పదకొండు రోజులు తెలివి లేదు. మొత్తం డెబ్బై రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆమె రోజూ షిఫ్టు ముగించుకుని, మిల్లులో వేసుకునే తెల్లకోటు మీదే వెళ్ళి, వార్డు బయట కుర్చీలో కూర్చునేది. అత్తగారు పక్క కుర్చీలో. నేను రెండుసార్లు చూసి వచ్చాను. లోపలి నుంచి నర్సు తలుపు తీసిన ప్రతిసారీ ఇద్దరూ ఒకేసారి లేచి నిలబడేవారు, నర్సు వేరే ఎవరినో పిలిచేది, ఇద్దరూ ఒకేసారి కూర్చునేవారు. ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదని అత్తగారు తరవాత అనేది. ఏడ్చి ఉంటే ఎందుకేడ్చావనీ ఆవిడే అనేది.

అతను చేతికర్రలతో ఇంటికొచ్చిన తొమ్మిదో రోజున పిల్ల పుట్టింది, మూడు వారాల ముందుగా. చిన్నగా ఉంది గానీ ఆరోగ్యంగానే ఉంది. అతనికి కాలు కాస్త ఈడ్పు మిగిలింది. స్తంభాల పని మాన్పించి మీటర్ల గదిలో వేశారు.

ఆ పిల్లకి పిట్ట అని పేరు పెట్టింది నాయనమ్మే. గుండె కూడా పిట్ట గుండే. గాలికి తలుపు కొట్టుకుంటే ఏడుపు, గిన్నె జారితే ఏడుపు, పక్కింటాయన తుమ్మితే ఏడుపు. పిల్లలన్నాక ఏడుస్తారు, అందులో వింత లేదు. ఈ పిల్లకి ఏడుపు మొదలైతే ఆగడం తెలిసేది కాదు. మెడ నరాలు తేలి, మొహం నల్లబడి, చేతులు బిగుసుకుని, గంటసేపు. కింద నేను పుస్తకం మూసి పెట్టి కూర్చునేదాన్ని. పైన అటూ ఇటూ నడిచే అడుగులు వినపడేవి, ఒక పూట ఆమెవి, ఒక పూట ఈడ్చే కాలివి.

నాయనమ్మ దగ్గర దానికి సిద్ధంగా ఒక మాట ఉండేది. "తొమ్మిది నెలలూ తల్లి గుండె చప్పుడే పిల్లకి పాట. మా కోడలు గుండె అప్పుడు దడదడలాడింది. అది విన్న పాటే ఇది పాడుతోంది." పాలవాడితో అనేది, అద్దెకి ఇల్లు అడగటానికొచ్చిన వాళ్ళతో అనేది, నాతో అయితే వారానికి రెండుసార్లు. అందులో కోపం లేదు. ఇవాళ ఎండగా ఉందని చెప్పినట్టు చెప్పేది. కోడలు అక్కడే కూరగాయలు తరుగుతూ వినేది.

పిల్లకి నాలుగేళ్ళప్పుడు ఒక ఆదివారం ఆమె కిందికి దిగి వచ్చింది. "పిన్నీ, మీరు ఇన్ని పుస్తకాలు చదువుతారు కదా. అత్తయ్య అనే మాట నిజమేనా?"

తెలీదన్నాను. కనుక్కుంటానన్నాను. గ్రంథాలయంలో పిల్లల పెంపకం మీద ఉన్నవన్నీ తిరగేశాను. గర్భంలో తల్లి పడిన బాధ బిడ్డ మనసు మీద పడవచ్చని ఉంది. బెదురు స్వభావం కొంత వంశం నుంచి వస్తుందనీ ఉంది. రెండూ ఎంతెంత అన్నచోట పుస్తకాలు నీళ్ళు నమిలాయి. వాటిలో ఉన్నదంతా వేలమంది పిల్లల లెక్క, ఈమె అడిగింది పైవాటాలో ఉన్న ఒక్క పిల్ల సంగతి. నాకు అర్థమైనంత చెప్పాను.

"అయితే ఏ గడిలో టిక్కు పెట్టాలి?" అంది.

"రెండింట్లోనూ కొంచెం కొంచెం."

"మా దగ్గర అలా పెట్టనివ్వరు పిన్నీ," అని లేచి వెళ్ళింది. మగ్గం గడిలోనే, అంటే తన మీదే పెట్టుకుందని నాకు తెలుస్తూనే ఉంది. ఆ తరవాత రెండేళ్ళూ అదే టిక్కు మీద బతికింది. మిల్లుకి తప్ప ఎక్కడికీ వెళ్ళేది కాదు. పిల్ల నిద్రపోతుంటే పక్కన కూర్చుని చూసేది, గాజు బల్ల మీద చూసినట్టు.

ఆరేళ్ళు నిండాక బడిలో వేశారు. రెండు వీధుల అవతల, పెద్ద మేడ, ఒకటో తరగతి గది నడవా చివర ఉంది. సరిగ్గా ఆ గది గుమ్మం పైన కరెంటు గంట. మొదటి రోజు గంట మోగగానే పిట్ట బల్ల కిందికి దూరి కేక పెట్టింది. అది చూసి పక్క పిల్ల, దాన్ని చూసి ఇంకో పిల్లవాడు. అరగంట పాఠం లేదు. రెండో రోజూ అంతే. మూడోవారం వచ్చేసరికి హెడ్‌ మేడమ్ ఉత్తరం పంపింది. ఇప్పటికి పిల్లని ఒంటిపూట బడికే పంపండి, డాక్టరు కాగితం తెండి, మామూలు తరగతిలో కూర్చోగలదని అందులో లేకపోతే ఊరి అవతల ఇలాంటి పిల్లలకి వేరే బడి ఉంది, అక్కడ చేర్పించడం మంచిది. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆ గదిలో యాభై ఎనిమిది మంది పిల్లలు, ఒక్క టీచరు.

ఉత్తరం చదివి భర్త, "నేను వెళ్ళి ఆ గంట వైరు పీకి వస్తా" అన్నాడు.

"ఒరేయ్, ఒకసారి పడ్డావు చాలదూ?" అంది తల్లి.

ఆమె ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకుంది. వేరే బడికి వెళితే పిట్ట మళ్ళీ ఈ బడికి రాదని, ఒకసారి పక్కకి తీసిన తాను మంచి తాన్లలో కలవదని ఆమెకి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది. ఆ రోజు నుంచీ ఆమెకి ఉన్న పని ఒక్కటే, పిల్ల ఆ బడిలో ఉండాలి.

పెద్దాసుపత్రిలో పిల్లల మనసు చూసే డాక్టరమ్మ ఉంది. నడివయసు, మాట నెమ్మది. చెవులు పరీక్ష చేయించింది, పిల్లతో బొమ్మలు వేయించింది, కాసేపు మాట్లాడింది. అన్నీ బాగున్నాయంది. "నాకు ఇక్కడ అరగంటే కనపడుతుందమ్మా. మీకు రోజంతా కనపడుతుంది. ముప్ఫై రోజులు రాయండి. ఏడ్చిందా, భయపడిందా, ఎప్పుడు, దేనికి. అది చూసి బడికి కాగితం రాస్తాను."

"రాయడం నాకు అలవాటేనండి," అంది సుద్దముక్క.

కొత్త నోటుబుక్కు కొంది. స్కేలుతో గీతలు గీసింది. ముప్ఫై రోజులు ఒక్క రోజు కూడా బద్ధకించకుండా రాసింది. తను లేనప్పుడు జరిగినవి అత్తగారినీ టీచరునీ అడిగి రాసింది. ముత్యాల్లాంటి అక్షరాలు.

*3వ తేదీ, ఉదయం 7.40, గిన్నె మూత. 3వ తేదీ, 11.05, బడి గంట. 5వ తేదీ, సాయంత్రం 6.10, కుక్క.*

ముప్ఫై ఒకటో రోజున నలుగురూ ఆసుపత్రికి వెళ్ళారు. పిట్ట గది మూలన బొమ్మలు సర్దుకుంటోంది. డాక్టరమ్మ నోటుబుక్కు మొదటి నుంచి చివరిదాకా చదివింది. వేలితో లెక్కపెట్టింది. ముప్ఫై నాలుగు.

"ముప్ఫై రోజుల్లో ముప్ఫై నాలుగుసార్లు," అంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "రోజుకి ఒకటికి పైనే. నిజం చెప్పాలంటే నేను ఇంత అనుకోలేదమ్మా. ఈ ఏడాదికి చిన్న తరగతి ఉన్న బడి అయితేనే పిల్లకి సుఖం." కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది.

సుద్దముక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. భర్త నేల చూస్తున్నాడు. అత్తగారు ఒక్కతే కదిలింది, "మరీ రోజూ ఏడిచినట్టు నాకు గుర్తు లేదే" అని, ఎవరితో అనాలో తెలియక గోడతో అన్నట్టుగా అంది.

డాక్టరమ్మ కలం ఆగింది. నోటుబుక్కు మళ్ళీ తెరిచింది. "ఐదో తేదీ తరవాత తొమ్మిది ఉంది. మధ్యలో రాయడం మరిచారా?"

"లేదండీ. రోజూ రాశాను."

"మరి ఆరు, ఏడు, ఎనిమిది ఏవి?"

"ఆ రోజులు ఏమీ లేవండి."

"ఏమీ లేవంటే?"

"రాయడానికి ఏమీ లేదండి. బాగానే ఉంది."

డాక్టరమ్మ క్యాలెండరు దగ్గర పెట్టుకుని ఒక్కొక్క తేదీ కొట్టుకుంటూ వచ్చింది. ముప్ఫై నాలుగూ పదమూడు రోజుల్లోనే ఉన్నాయి. పదిహేడు రోజులు నోటుబుక్కులో లేనే లేవు.

"మీరేం పని చేస్తారమ్మా?"

చెప్పింది. బల్ల, గాజు, సుద్ద, పుస్తకం, అంతా చెప్పింది. డాక్టరమ్మ రాస్తున్న కాగితాన్ని చింపలేదు, పక్కకి జరిపింది. "ఏడుపు మొదలైన టైము రాశారు. ఆగిన టైము లేదు."

"తప్పు ఎక్కడ మొదలైందో చాలండీ మాకు."

"నాకు చాలదు. ఈ మధ్య ఎంతసేపట్లో ఆగుతోంది?"

ఆమె ఆలోచించింది. ఆ ప్రశ్న ఆమెని అప్పటిదాకా ఎవరూ అడగలేదు, తనని తానూ అడుక్కోలేదు. "ఎనిమిది నిమిషాలు. ఒక్కోసారి పది. పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసి ఉంచాలండి. మాట్లాడకూడదు. ఊరుకో ఊరుకో అంటే పెరుగుతుంది. చెయ్యి కదపకూడదు కూడా."

"ఇదివరకు?"

"గంట పట్టేదండి."

"గంట నుంచి ఎనిమిది నిమిషాలకి వచ్చింది. అది ఎక్కడా రాయలేదు మీరు," అంది డాక్టరమ్మ. మందలించినట్టు కాదు. తరవాత భర్త వైపు తిరిగింది. "మీరు చిన్నప్పుడు ఎలా ఉండేవారు?"

"నాకేం గుర్తుంటుందండీ. మా అమ్మనడగండి."

అమ్మ సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "ఏడ్చేవాడు. ఏడవని పిల్లలుంటారా?"

"ఎంత ఏడ్చేవాడు?"

సంచీ మళ్ళీ ఇటు వచ్చింది. "ఉరిమితే మంచం కింద దూరేవాడు. బడి గుమ్మం తొక్కడానికి ఏడాది పట్టింది. ఎవరైనా గట్టిగా నవ్వినా ఏడిచేవాడు." కాస్త ఆగి, "ఏడేళ్ళు వచ్చాక తగ్గింది" అంది.

గదిలో అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది అతనే. "నేనా?" అన్నాడు. స్తంభాలెక్కి ఈల వేసిన మనిషి.

సుద్దముక్క అత్తగారి వంక చూడలేదు. డాక్టరమ్మనే అడిగింది. "ఒక్క మాట చెప్పండి. కడుపులో ఉన్నప్పుడు నేను పడ్డ బెంగ వల్లే ఇది ఇలా పుట్టిందా? నా వల్లేనా?"

"అబద్ధం చెప్పనమ్మా. తల్లి ఒత్తిడి బిడ్డ దాకా చేరుతుంది. భయపడినప్పుడు మన ఒంట్లో ఊరేవి కొంతవరకు లోపలికీ వెళతాయి. అలాంటి నెలలు గడిపిన తల్లులని వేలమందిని చూస్తే, వాళ్ళ పిల్లల్లో తొందరగా బెదిరేవాళ్ళు కాస్త ఎక్కువమంది ఉంటారు. కాస్తే. చాలామంది మామూలుగానే ఉంటారు. ఇక తాత ముక్కు మనవడికి వచ్చినట్టే బెదురు కూడా కొంత దిగుతుంది. మీ పిల్లని చూపించి ఇది ఇంత దానివల్ల, అంత దీనివల్ల అని చెప్పగలిగిన డాక్టరు ఎవరూ లేరు."

"మాకు పుస్తకంలో రెండు గడులుంటాయండి, నూలు, మగ్గం. తప్పు దేనిదో ఒక్కదాంట్లోనే టిక్కు పెట్టాలి."

"మీ దగ్గర ఎప్పుడూ తేలిగ్గా తేలిపోతుందా?"

సుద్దముక్కకి ఆ రోజు మొదటిసారి నవ్వు లాంటిది వచ్చింది. "ఎక్కడండీ. సన్న నూలు ఉంటుంది, మగ్గం బిగువు కొంచెం పెరిగితే తెగుతుంది. అదే బిగువుకి ముతక నూలు చెక్కుచెదరదు. అదే సన్న నూలు వదులు మగ్గం మీద బంగారంలా నేస్తుంది. అలా తెగినప్పుడు మేస్త్రీ నూలుదే తప్పంటాడు, నూలు వాళ్ళు మగ్గానిదంటారు. సాయంత్రం దాకా కొట్టుకుంటారు."

"ఎవరు గెలుస్తారు?"

"గొంతు పెద్దదైనవాళ్ళండీ."

డాక్టరమ్మ కూడా నవ్వింది. "మా దగ్గరా అంతే. రెండూ కలిసే చోట ఏ గడీ సరిపోదు. మీరు టిక్కు ఎక్కడ పెట్టుకున్నారో నాకు అర్థమైంది. తీసేయండి. ఇంకో నెల రాయండి, ఈసారి ప్రతి రోజూ, మంచి రోజు కూడా. ఏడుపు ఎలా ఆగిందో కూడా. ఆ నెల పిల్లని బడిలోనే ఉంచమని మేడమ్‌కి నేను రాస్తాను." పక్కకి జరిపిన కాగితాన్ని అప్పుడు చింపింది.

ఇదంతా ఆ సాయంత్రం ముగ్గురూ మా ఇంట్లో కూర్చుని తలో ముక్కా చెప్పారు. బస్సులో జరిగింది మాత్రం అత్తగారే తరవాత విడిగా చెప్పింది. తండ్రీ కూతుళ్ళు ముందు సీట్లో ఉన్నారట. వీళ్ళిద్దరూ వెనక.

"ఆరేళ్ళు నా నెత్తిన ఎందుకు పెట్టారు అత్తయ్యా?" అని అడిగిందట కోడలు.

"నీ నెత్తిన పెట్టలేదే. ఆ స్తంభం నెత్తిన పెట్టాను. నువ్వు మధ్యలో ఉన్నావు."

కోడలు ఊరుకుంది. ఎదుటివాళ్ళు ఊరుకుంటే అత్తగారికి ఊపిరాడదు. రెండు స్టాపులు దాటాక తనే మొదలుపెట్టింది. "వీడు అలా ఉన్నన్నాళ్ళూ మా అత్త నన్ను కాల్చుకు తింది. కడుపుతో ఉన్నప్పుడు ఏం చూసి జడుసుకున్నావు, ఎక్కడికి వెళ్ళావు, అని ఏడేళ్ళు ఆరా. నేనెక్కడికీ వెళ్ళలేదు, దేన్నీ చూసి జడుసుకోలేదు. ఆవిడకి తప్ప. వీడికి స్తంభాలెక్కే ఉద్యోగం వచ్చిన రోజున ఆ సంగతి మీద మన్ను పోసి తొక్కేశాను. నిజంగానే మరిచిపోయానే అమ్మాయ్. ఇవాళ ఆ డాక్టరమ్మ అడిగితే అది లేచి కూర్చుంది."

"మీరు మీ అత్త అన్న మాటే అన్నారు."

"అన్నాను," అందట ఆవిడ. నాతో అది చెబుతూ మోకాలు రుద్దుకుంది.

బస్సు దిగే ముందు కోడలు అడగవలసింది అడిగింది. "మరి ఆయన్ని బడికి ఎలా అలవాటు చేశారు?"

"కిటికీలోంచి వాడికి కనపడేట్టు నిలబడేదాన్ని. నాలుగు రోజులకోసారి నాలుగడుగులు వెనక్కి. అలా జరుగుతూ జరుగుతూ ఇంటికొచ్చేశాను."

మర్నాడు అత్తాకోడళ్ళిద్దరూ హెడ్‌ మేడమ్ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ డాక్టరమ్మ ఉత్తరం చదివి నెల గడువిచ్చింది, ఒంటిపూట బడికే. గంటకి దూరంగా అవతలి గోడ దగ్గర సీటు ఇచ్చింది. గంట కొట్టబోయే ముందు పిల్లకి చెప్పమని టీచరుకి చెప్పింది. వీపు మీద చెయ్యి సంగతి సుద్దముక్క టీచరుకి చేసి చూపించింది. "కానీ తరగతంతా ఇంకోసారి ఆగిపోతే మాత్రం నా వల్ల కాదమ్మా. మిగతా యాభై ఏడు మంది తల్లులకి నేను జవాబు చెప్పాలి," అంది హెడ్‌ మేడమ్.

నాయనమ్మ కిటికీ బయట మొదలుపెట్టింది. నాలుగు రోజులకి నడవా అవతలి చివరికి. ఎనిమిదో రోజుకి కుళాయి దగ్గరికి. రెండువారాలకి గేటు బయట. "ఇంట్లో కూర్చుని తినేది అక్కడ కూర్చుని తింటున్నాను, పెద్ద తేడా ఏముంది" అనేది. ఆయాతో స్నేహం కుదిరింది. బడిలో ఎవరి పిల్లలు ఎవరిని కొరికారో మాకు రోజూ తెలిసేది.

నోటుబుక్కే కష్టమైంది. రెండో రోజునే ఆమె దాన్ని పట్టుకుని కిందికొచ్చింది. "మంచి రోజుకి ఏమని రాస్తారు పిన్నీ? పొద్దుట్నుంచీ కలం పట్టుకుని కూర్చున్నాను."

"ఏం చేసిందో అది రాయి."

"ఏం చేసిందంటే... ఏమీ చెయ్యలేదు. మామూలుగా ఉంది."

"ఆ మామూలే రాయి."

వారం తరవాత తెచ్చి చూపించింది. గీతలు లేవు. *8వ తేదీ. పాలు తాగింది. చెప్పులు ఎడమది కుడికి వేసుకుని నేను చెప్పినా వినలేదు. గోడ మీద చీమల్ని అరగంట చూసింది. ఎక్కడికి వెళుతున్నాయని అడిగింది. నాకు తెలీదన్నాను. కనుక్కోమంది. 9వ తేదీ. 4.20కి పళ్ళెం జారింది. ఏడ్చింది. 4.27కి ఆగింది. పళ్ళేనికి దెబ్బ తగిలిందా అని అడిగింది.* చదువుతుంటే ఆ పిల్లని ఆరేళ్ళుగా పైవాటాలో ఉంచుకుని నేను కూడా ఏడుపే విన్నానని తోచింది.

పందొమ్మిదో రోజు పదకొండు గంటలకి ఆకాశం ఒక్కసారిగా చీకటయింది. మిల్లులో దీపాలు వేశారు. మొదటి ఉరుముకి మా టైమాఫీసు అద్దాలు అదిరాయి. ఇరవై నిమిషాలయ్యాక ఫోను మోగింది. బడి నుంచి. ఒకటో తరగతిలో ఉన్న పిట్ట తల్లిని పంపమన్నారు. ఎందుకని అడిగేలోపు పెట్టేశారు.

నేనే తనిఖీ గదికి వెళ్ళాను. నన్ను గుమ్మంలో చూడగానే ఆమె మీట తొక్కింది. బట్ట ఆగింది. చెప్పాను. సుద్ద బల్ల మీద పెట్టి, కోటు కూడా విప్పకుండా వెళ్ళిపోయింది. వానలో గొడుగు లేదు. ఆమె బదులు రిజిస్టరులో నేనే టైము వేశాను.

బడి గేటు దగ్గర చూరు కింద అత్తగారు నిలబడి ఉంది. "నువ్వు లోపలికి వెళ్ళలేదా?" అని అరిచినంత పని చేసింది కోడలు. ఏనాడూ ఆవిడని నువ్వు అని ఎరగదు.

"వెళ్ళలేదు. గేటు దాకా వచ్చినదాన్ని మళ్ళీ కిటికీ దగ్గరికి వెళితే పందొమ్మిది రోజులూ నీళ్ళపాలు," అంది ఆవిడ. మొహం మాత్రం సున్నం కొట్టినట్టుందట. కోడలు గమనించి నాతో చెప్పింది.

నడవా చివర హెడ్‌ మేడమ్ గుమ్మంలోనే ఉంది. లోపల పాఠం జరుగుతోంది. గోడ పక్క సీటులో పిట్ట, ఎర్రబడ్డ మొహంతో, పలక మీద ఏదో దిద్దుతోంది.

"మొదటి ఉరుముకి బల్ల కిందికి వెళ్ళింది," అంది హెడ్‌ మేడమ్. "కేకా పెట్టింది. టీచరు వెళ్ళి చెయ్యి వేసింది. ఏడెనిమిది నిమిషాలకి అదే బయటికొచ్చి కూర్చుంది."

"మరి ఫోను చేశారు?"

"ఉరుముకి ఆరుగురు పిల్లలు ఏడ్చారు, ఆరుగురు తల్లులకీ చేయించాను. మీది ఆగింది, మిగతా ఐదుగురు పిల్లలు ఆగలేదు. అదుగో, ఆఫీసు గదిలో ఉన్నారు, ఇంకా ఏడుస్తున్నారు. ఫోను చేసేటప్పటికి మీది ఆగిందని నాకు తెలీదు."

అప్పుడు పిట్ట తలెత్తి చూసింది. తల్లి నిలువునా తడిసి, తెల్లకోటు మీద సుద్ద మరకలు కరిగి కారుతూ, గుమ్మంలో నిలబడి ఉంది.

"నువ్వెందుకొచ్చావు?" అంది, తరగతంతా వినేట్టు. "అమ్మలు లోపలికి రాకూడదు. నాయనమ్మ కూడా గేటు బయటే ఉంటుంది."

టీచరు మూతికి పుస్తకం అడ్డం పెట్టుకుంది. హెడ్‌ మేడమ్ నడవాలోకి నాలుగడుగులు నడిచి, వెనక వస్తున్న ఆమెతో, "రేపట్నుంచి సాయంత్రం దాకా ఉంచండి. ఆ వేరే బడి ఉత్తరం మీ దగ్గరుంటే తెచ్చిచ్చేయండి" అంది.

ఆమె ఒంటిగంట దాటాక మిల్లుకి తిరిగొచ్చింది. జుట్టు తుడుచుకోలేదు. నా కిటికీ దగ్గర ఆగింది. ఏమైందని అడగడానికి నాకు భయమేసింది. నా వయసుకి అలాంటి భయం ఉంటుందని అనుకోలేదు.

"పెద్ద అన్నం డబ్బాలు రెండు కావాలి పిన్నీ," అంది. "రేపట్నుంచి మధ్యాహ్నం అక్కడే తింటుంది."

"ఒక పిల్లకి రెండెందుకు?"

"రెండోది గేటు బయట కూర్చునే ఆవిడకి. ఇంకో నెల దాకా ఇంటికి రానంటోంది. ఆయాతో కబుర్లు సగంలో ఉన్నాయట."